ఆటలో ఓటమి, మనసుకు గాయం

ఆన్‌లైన్ ఆటలో రాక్షసుల చేతిలో పదిసార్లు చచ్చినా నవ్వుతూ లేచే మా మనవడు, ఒక రాత్రి తోటి ఆటగాడి చేతిలో ఒక్కసారి ఓడి అన్నం ముట్టలేదు.

ఈ తేడాకు కారణముంది. రాక్షసుడు కంప్యూటర్ సృష్టి; వాడి ఎత్తులు నేర్చుకొంటే రేపు గెలుపు మనదే. మనిషి అలా కాదు. తనకన్నా బలహీనుణ్ణి వెతికి కొడతాడు, గేలిచేస్తాడు. ఆ అవమానం కలిగినప్పుడు, నిజమైన ప్రమాదం ఎదురైనట్లే దేహం స్పందిస్తుంది. గుండె దడదడలాడుతుంది, నిద్ర దూరమవుతుంది. విశ్రాంతి కోసం ఆటకు వచ్చినవారు దీనిని ఎంతకాలం సహిస్తారు?

1997లో వచ్చిన ‘అల్టిమా ఆన్‌లైన్’లో ఊరి పొలిమేర దాటితే ఎవరైనా ఎవరినైనా చంపి దోచుకోగలిగేవారు. కొత్తవారు విసిగి వెళ్ళిపోసాగారు. 2000లో నిర్వాహకులు ఆ లోకాన్ని రెండుగా చేసి, ట్రామెల్ అనే భాగంలో అలాంటి దాడులకు తావులేకుండా చేశారు. అత్యధికులు అక్కడికే తరలిపోయారు. రెండవ భాగంలో వేటగాళ్ళకు వేట కరువైంది.

ప్రతి గెలుపుకూ ఒకరు ఓడాలి. నిత్యం ఓడేవారు తప్పుకోగానే, వారికి కాస్త పైనున్నవారికి ఓడే వంతు వస్తుంది. ఆ పోరు పలచబడక తప్పదు.

మీ పిల్లలు ఇలా ఓడి ముడుచుకొంటే, ‘ఆటే కదా’ అని కొట్టిపారేయకండి. ఆ రాత్రికి ఆట ఆపించి, పక్కన కూర్చొని మాట్లాడండి.