కింది పోర్షన్ వాళ్లు

అమ్మతో ఫోన్లో నేను ఎక్కువగా పోట్లాడింది అద్దె గురించే. నాచారంలో మాది రెండంతస్తుల ఇల్లు. పైన అమ్మ ఒక్కతే ఉంటుంది, కింది పోర్షన్ అద్దెకిచ్చింది. చుట్టుపక్కల ఎంత నడుస్తోందో కనుక్కుని, మూడేళ్లయినా నువ్వు రూపాయి కూడా పెంచలేదని ఎడిసన్‌లో కూర్చుని నేను లెక్కలు చెబుతుంటే, "నీకెందుకురా, మంచిగుంటరు వాళ్లు" అని అమ్మ టమాటా ధరలోకి దిగేది. మంచిగా ఉంటే అద్దె పెంచకూడదా అని నా వాదన. న్యూజెర్సీ వచ్చి పద్దెనిమిదేళ్లయిన వాడి వాదన అలాగే ఉంటుంది.

కింద ఉండేది భార్యాభర్తలూ, ఆరేళ్ల పాపా. ఊరు జనగామ వైపు. ఇద్దరిదీ 108లోనే ఉద్యోగం. "ఆయన పైలట్ రా" అని అమ్మ మొదటిసారి చెప్పినప్పుడు, పైలట్‌కి మన కింది పోర్షన్ ఖర్మేమిటా అనుకున్నాను. 108లో బండి నడిపేవాణ్ని డ్రైవర్ అనరని, పైలట్ అంటారని అప్పటికి నాకు తెలీదు. ఆమె ఈఎంటీ. వెనక పేషెంటు పక్కన కూర్చునే మనిషి.

కిందటేడు ఆగస్టులో ఒక సాయంత్రం నాలుగూ నలభైకి ఆఫీసు మీటింగులోంచి బయటికొచ్చి చూస్తే అమ్మ నంబరు నుంచి మూడు మిస్డ్ కాల్స్. అక్కడ రాత్రి రెండూ పది. తిరిగి చేస్తే ఎత్తింది కానీ మాట ముద్దముద్దగా వస్తోంది, నా పేరు బదులు పోయిన మా నాన్న పేరు పిలుస్తోంది. ఆ కంగారులో నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా ఫోన్లో 108 కొట్టాను. ఈ నంబరు కలవదని ఒక రికార్డింగు గొంతు ఇంగ్లిష్‌లో చెప్పింది. ఇంట్లో నేను పెట్టించిన రెండు కెమెరాలున్నాయి. ఒకటి గేటునీ, ఒకటి హాల్లో సోఫానీ చూపిస్తాయి. అమ్మ వంటింట్లో ఉంది. ఉప్పల్లో ఉన్న చిన్ననాటి స్నేహితుడు ఫోన్ ఎత్తలేదు. రాత్రి రెండింటికి ఎత్తనందుకు వాణ్ని అనడానికేం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, అద్దె డబ్బులు పడ్డాయో లేదో అడగడానికి ఎప్పుడో సేవ్ చేసుకున్న కింది పోర్షన్ నంబరు.

ఆ రాత్రి ఆమె డ్యూటీలో ఉంది. ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు. రెండో రింగుకే ఎత్తాడు. మెట్లెక్కి పైకొచ్చి, అమ్మను కూర్చోబెట్టి, చెమటలు చూసి, "ఆంటీకి షుగర్ డౌన్ అయినట్టున్నది" అన్నాడు. మింగగలుగుతోందని చూసుకుని చక్కెర నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాడు. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ఫోను. చేసింది 108కే. లోపలి మనిషికి వేరే దారేమైనా ఉంటుందనుకున్నాను, లేదు. అందరికీ ఉన్న నంబరే, అందరూ ఉండే వరసే. కాకపోతే ఎలా చెప్పాలో ఆయనకు తెలుసు. ముందు గుర్తు, తర్వాత వయసు, ఆ తర్వాత స్పృహ ఉందా లేదా, ఊపిరి ఎలా ఉంది. మనమైతే ఆ టైములో "తొందరగా రండి" అని నాలుగుసార్లు అరిచి ఫోన్ పెట్టేస్తాం. బండి పద్దెనిమిది నిమిషాల్లో వచ్చింది, చక్కెర చూసి గ్లూకోజ్ ఎక్కించారు, తెల్లారేసరికి అమ్మ ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఇడ్లీ బాగాలేదని నాకు ఫిర్యాదు చేసింది.

తర్వాత ఆయనకు డబ్బు పంపబోతే, "ఫోన్ చేసుడే కదన్నా నేను చేసింది" అని వద్దన్నాడు.

ఆ భయంతోనే మొన్న జనవరిలో ఆరు వారాలు సెలవు పెట్టి వెళ్లాను. జెట్‌ల్యాగ్ పుణ్యమా అని మొదటి వారమంతా నేను మేలుకునే వేళలు, వాళ్లు మేలుకునే వేళలు ఒకటే అయ్యాయి. వాళ్లది పన్నెండు గంటల షిఫ్టు, ఎనిమిది నుంచి ఎనిమిది. వేర్వేరు బండ్లు, వేర్వేరు బేస్ లొకేషన్లు. పాప కోసం ఒకరు పగలు, ఒకరు రాత్రి చేస్తారు. అందుకని పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర ఇంట్లో ఎవరూ ఉండరు. ఒకరు బయల్దేరాక ఇంకొకరు ఇల్లు చేరేదాకా పాప పైన అమ్మ దగ్గర ఉంటుంది. రిలీవర్ రానిదే బండి దిగకూడదు, ఏడూ యాభైకి కేసు పడితే అది ఏ తొమ్మిదిన్నరకో తేలుతుంది. అలాంటి రోజు పాపకు జడలు వేసి స్కూల్ ఆటో ఎక్కించేది కూడా అమ్మే. ఇల్లు ఒకటే, తాళంచెవి ఒకటే. అది మా మెట్ల పక్క తులసికోట వెనక ఉంటుంది. భార్యాభర్తలు వారంలో ఎక్కువగా కలుసుకునేది ఆ తాళంచెవి దగ్గరేనేమో.

ఒక పొద్దున ఆమె రావడం పైనుంచి చూశాను. గేటు తీసి నేరుగా లోపలికి పోలేదు. బూట్లు బయటే విడిచింది. ఇంటి వెనక కుళాయి దగ్గర బకెట్లో డెటాల్ నీళ్లు రాత్రే పెట్టి ఉన్నాయి. యూనిఫాం అందులో ముంచి, బయటి బాత్రూంలో తలారా స్నానం చేసి వచ్చింది. అప్పటిదాకా పాప తువ్వాలు పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. దగ్గరికి పోలేదు, "మమ్మీ" అని పిలవనూ లేదు. 2020లో కరోనా నాడు మొదలైన అలవాటట. జబ్బు పోయినా అలవాటు పోలేదు. తల తుడుచుకున్నాకే పాపను ఎత్తుకుంది. రాత్రి ఏం జరిగిందని ఆ పాప ఎప్పుడూ అడగదు. భర్త కూడా అడగడట. "ఎన్ని కేసులు?" అంటాడు, ఆమె "ఐదు" అంటుంది, అంతే.

నేను అడిగాను. అమెరికా నుంచి వచ్చినవాళ్లకు అన్నీ అడగొచ్చనే ధైర్యం ఉంటుంది కదా. ఆమె చెప్పింది, నెత్తుటి కథలు కాదు. 108కి వచ్చే కేసుల్లో ప్రసవాలవి చాలానే ఉంటాయి. గాంధీ ఆసుపత్రికి పోతూ హబ్సిగూడలో మెట్రో పిల్లర్ పక్కన బండి ఆపి కాన్పు చేసిన రాత్రి గురించి చెప్పింది. పైలట్ ఫోన్ లైటు పట్టుకుని మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడట. బిడ్డ ఏడ్చాక, వెంట వచ్చిన ముసలామె మొదటి ప్రశ్న "ఆడా, మగా?" అని. ఆడపిల్ల. ముసలామె ఇంకేం మాట్లాడలేదట. పుట్టిన టైము కాగితం మీద రాస్తుంటే పిల్ల తండ్రి ఒకటే అడిగాడట, "మేడం, ఇది ఎన్నో నంబర్ పిల్లర్?" అని. బండి దిగి వెళ్లి, చూసి వచ్చి, చేతిమీద రాసుకున్నాడు.

ప్రాణం పోయిన ఇంటికి వెళ్తే ఏం చేస్తారని కూడా అడిగాను. పోయారని మేం చెప్పొద్దు, అది డాక్టర్ చెప్పాలె, అంది. అడిగినవాళ్లకు ఏమంటారు మరి? "పోదాం పట్టండి, హాస్పిటల్‌కి పోదాం అంటం." అని లేచి వెళ్లి పాప టిఫిన్ డబ్బా కడగడం మొదలుపెట్టింది. ఇంకేం అడగలేదు నేను.

ఆయనది వేరే బాధ, రోడ్డు. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ స్తంభాల కింద ఏళ్లతరబడి బండి నడిపినవాడు. "గుంతల పడ్డప్పుడు వెనక పేషెంటు అరుస్తడు సూడన్నా, ఆ అరుపు నన్ను తిట్టినట్టే ఉంటది" అన్నాడు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజు రింగ్ రోడ్డు మీద సైరన్ ఎవడికీ వినపడదట. దారివ్వకపోతే పదివేల జరిమానా అని 2019లో చట్టం సవరించారు కదా అని నేను అంటే, నన్ను జాలిగా చూశాడు. నిజానికి ఆ మాట అనే అర్హత నాకు లేదు. 2006లో అదే రింగ్ రోడ్డులో, అప్పుడప్పుడే కొత్తగా వచ్చిన 108 బండి వెనకాల హీరో హోండా అంటించి, అది చీల్చుకున్న దారిలో ఆఫీసుకి టైముకి చేరిన మొనగాణ్ని నేను. ఇప్పుడు ఎడిసన్‌లో సైరన్ వినపడితే చాలు, కారు పక్కకు తీసి ఆగిపోతాను.

108 మొదలైంది 2005 ఆగస్టు 15న. దాన్ని మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు కుటుంబం పెట్టిన ఈఎంఆర్‌ఐ సంస్థ. 2009లో సత్యం కూలాక జీవీకే చేతికి వెళ్లింది. సత్యం వీసా మీద అమెరికా వచ్చినవాళ్లు మా కాలనీలోనే ముగ్గురున్నారు. ఆ కంపెనీ పేరు ఇప్పుడు వాళ్ల రెజ్యూమేల అడుగున ఉంటుంది. నంబరు మాత్రం గుజరాత్ మొదలు ఎన్నో రాష్ట్రాలకు పాకింది. పైసా ఖర్చు లేదు. ఎడిసన్‌లో నేనొకసారి పక్క ఊరి దాకా అంబులెన్సులో పోయినందుకు వచ్చిన బిల్లు చూసి, నొప్పి తగ్గిందో పెరిగిందో తెలియలేదు.

1998లో మా నాన్నకు ఈ నంబరు లేదు. నాచారం ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు చేసొచ్చి, గుండెలో మంట అన్నాడు. మొదటి ఆటోవాడు రానన్నాడు. రెండోవాడి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. అప్పటికి గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే ఉండేది. మెట్టుగూడ దాటేదాకా ఆయన తల నా ఒళ్లోనే ఉంది. దాటాక కూడా ఉంది కానీ, అప్పటికే అయిపోయింది.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు రోజు ఆమె పైకొచ్చి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసింది. ఫోన్ చేస్తే గుర్తు ఏం చెప్పాలన్నది. హైదరాబాద్‌లో ఇంటి బై నంబర్లు ఎవరికీ ఉపయోగపడవని, "గుడి దగ్గర" అంటే ఏ గుడో తెలియక బండి రెండు సందులు తిరిగి వస్తుందని చెప్పింది. అమ్మ వెంటనే "ఆయిల్ మిల్లు వెనక గల్లీ అని రాయి" అంది. "ఆ మిల్లు ఇప్పుడు లేదు కదా ఆంటీ, అపార్ట్‌మెంట్ అయింది" అని ఆమె. మిల్లు తీసేసి ఇరవై ఏళ్లు. కానీ మొన్న ఆగస్టులో ఆయన లేకుండా అమ్మే ఫోన్ చేసి ఉంటే, ఆ లేని మిల్లే చెప్పేది. నన్నడిగినా అదే చెప్పేవాణ్ని. ఇద్దరూ కాసేపు వాదించుకుని చివరికి ఈఎస్ఐ ఆసుపత్రి, మెడికల్ షాపు, వేపచెట్టు, నల్ల గేటు అని తేల్చారు. కింద ఆమె నంబరు, ఆయన నంబరు. నేను ఎప్పుడో పట్టుకెళ్లిన నయాగరా మ్యాగ్నెట్‌తో ఫ్రిజ్‌కి అంటించారు. కాగితాన్ని నేనూ ఫోటో తీసుకున్నాను.

మీ అమ్మానాన్నలు అక్కడ, మీరు ఇక్కడ అయితే ఒక్క పని చేయండి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, తిన్నావా, మందులేసుకున్నావా అన్నవి అయ్యాక, మనింటికి గుర్తేం చెబుతావని అడగండి. ఎప్పుడో తీసేసిన మిల్లు పేరో, మూతపడ్డ సినిమా హాలు పేరో చెబితే, కింది పోర్షన్ వాళ్లకు ఫోన్ చేసి కొత్త గుర్తు రాయించండి. వాళ్ల నంబరు లేకపోతే ముందు అది తీసుకోండి. ఇక్కణ్నుంచి 108 కలవదు.