పేరు లేని వేటగాడు



మొన్న తెలుగు సారు కథలో ఏమేమి ఉంటాయో బోర్డు మీద రాశారు. పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ, దృష్టికోణం, నీతి. నేను నోట్సులో ఎక్కించుకున్నా గానీ దృష్టికోణం అంటే అర్థం కాలేదు.

తర్వాత పరవస్తు చిన్నయసూరి గారి నీతిచంద్రికలోని మిత్రలాభం చెప్పారు. ఆ పుస్తకం 1853లో వచ్చింది. భాష కష్టం కాబట్టి మామూలు మాటల్లో చెప్పారు. గోదావరి ఒడ్డున పెద్ద బూరుగు చెట్టు. మన గోదావరే అని అందరం సంబరపడ్డాం. లఘుపతనకం అనే కాకి తెల్లవారగానే ఒక వేటగాడిని చూస్తుంది. పొద్దున్నే వీడి మొహం చూశాను, ఏం కీడు వస్తుందో అనుకుంటుంది. అతను నూకలు చల్లి వల పన్నుతాడు. మనుషులు లేని అడవిలో నూకలు ఎక్కడివి అని పావురాల రాజు చిత్రగ్రీవుడు చెప్తాడు. వినకుండా దిగి చిక్కుకుంటాయి. అన్నీ ఒక్కసారే లేచి వలతో సహా ఎగిరిపోతాయి. హిరణ్యకుడు అనే ఎలుక వల కొరికి విడిపిస్తుంది. ముందు నా వాళ్ళను విడిపించు అంటాడు చిత్రగ్రీవుడు.

చెడ్డ పాత్ర ఎవరు అని సారు అడిగితే "వేటగాడు" అని అందరికంటే గట్టిగా నేనే అరిచాను.

దసరా సెలవులకు పోయినప్పుడు ఈ కథ మా నాయనమ్మకు కోయ భాషలో చెప్పాను. పావురాలు ఎగిరిపోయాయంటే బాగా నవ్వింది. తర్వాత, "ఆయన పేరేంటే? వల పోయింది గదా, ఆ పూట ఇంట్లో ఏం తిన్నారు?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. మా తాత కౌజుపిట్టలకు వల పెట్టేవాడు. నార పేని తనే అల్లుకునేవాడంట. గుడ్లు పెట్టే కాలంలో వల ముట్టేవాడు కాదంట. ఇప్పుడు 1972 చట్టం ప్రకారం పిట్టలను పట్టకూడదు. ఆ వల మా ఇంటి చూరులో ఉంది. దాన్ని కూడా ఎలుకలు కొరికాయి. క్లాసులో నేను అరిచింది గుర్తొచ్చి సిగ్గేసింది.

హాస్టల్‌కి వచ్చి కథను మళ్ళీ తలుచుకున్నా. కాకికి పేరుంది. పావురానికి పేరుంది. ఎలుకకి కూడా ఉంది. వేటగాడికి లేదు. అతని ఇంట్లో ఎవరున్నారో కూడా లేదు. కథ కాకి వైపు, పావురాల వైపు నుండి చెప్పారు కాబట్టి అలా ఉంది. మనుషులు లేని అడవి అని పావురం అంటుంది గానీ, గోదావరి పక్క అడవుల్లో మనం ఉన్నాం గదా. దృష్టికోణం అంటే ఇదే అని అప్పుడు తెలిసింది.

కథ తప్పా అని సారుని అడిగాను. "తప్పు కాదు. పావురాలకు అది నిజమే. నువ్వు వేటగాడి వైపు నుండి రాసి చూడు" అన్నారు. రాశాను. మొదట పావురాలు దొరికినట్టు రాశాను. చదివితే నాకే బాధేసింది. చిత్రగ్రీవుడి మంచితనం ఏమైపోవాలి? అది కొట్టేసి, ఎగిరిపోయినట్టే రాశాను. వేటగాడు ఉత్త చేతులతో ఇంటికి వస్తాడు. "వల ఏది?" అని భార్య అడుగుతుంది. అక్కడ ఆపేశాను. అతనికి మా తాత పేరు పెట్టాను. నీతి ఏం రాయాలో తోచలేదు. సారు ఖాళీగా ఉంచమన్నారు.

మీరు కూడా కథ చదివినప్పుడు అందులో ఎవరికి పేరు లేదో చూడండి.

తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని