ఒట్టు కంటే ముందు

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. హైదరాబాద్‌ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరసకట్టారు. చేతుల వణుకు, ఫిట్స్, లేని మనుషులతో మాటలు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డ ఒళ్లు ఉన్నట్టుండి ఆపితే తట్టుకోలేదు.

"రేపట్నుంచి ముట్టను" అని ఒట్టు వేయించుకునే ఇల్లాలికి ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడికి, ఆపిన కొన్ని గంటలకే చెమటలు పడతాయి. గ్లాసు పట్టుకుంటే టీ వేళ్ల మీదికి తొణుకుతుంది. రెండు మూడు రోజులకు మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

అందుకే ముందు డాక్టరు. ఎంత తాగుతాడో, ఏ మాత్రలు మింగుతాడో దాచకూడదు. మెదడు దెబ్బతినకుండా గ్లూకోజు కంటే ముందు బి1 విటమిన్ ఎక్కిస్తారు.

మనసుకైతే, తిట్టకుండా పక్కన కూర్చునే మనిషి కావాలి. దిక్కుతోచని ఇంటివాళ్లకు మత్తు మానడంలో సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 ఉంది.