వానొచ్చినా దారి నిలవాలి!

చెన్నై నుంచి ఉత్తరానికి సుమారు యాభై అయిదు కిలోమీటర్లు. తడ దగ్గర జాతీయ రహదారి దిగితే శ్రీసిటీ. అటు పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు... ఇటు పికప్ వాహనాల నుంచి చాక్లెట్ల దాకా తయారయ్యే ఫ్యాక్టరీలు. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం 2022లో చిత్తూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చింది. లోపల నున్నటి విశాలమైన రోడ్లు. అసలు పరీక్షంతా గేటు దాటాకే!

ఇక్కడ పెద్ద వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక్క వాయుగుండం చాలు... చెరువులు మొరవ పోతాయి, వాగులు రోడ్డెక్కుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళ సూళ్లూరుపేట వద్ద కాళంగి పొంగి, జాతీయ రహదారి మీద లారీలు బారులు తీరాయి.

వంతెనకు ముప్పు పైనుంచి కాదు, కిందినుంచే ఎక్కువ. వరద పునాది చుట్టూ ఇసుకను తోడేస్తుంది. లేదంటే వంతెనను రోడ్డుతో కలిపే మట్టికట్టను కోసేస్తుంది. వంతెన నిలిచే ఉంటుంది... దారే ఉండదు! కల్వర్టు తూముల్లో చెత్త అడ్డంపడినా అంతే. అందుకే లోతైన పునాదులు, వెడల్పాటి తూములు, కట్టకు రాతి కూర్పు, పక్కకాలువలు కావాలి.

మరి డబ్బు? వరదొచ్చాక ఇచ్చే సాయం సరే, ముందే నష్టాన్ని తగ్గించేందుకూ నిధి ఉండాలంది 15వ ఆర్థిక సంఘం. 2021-26 కాలానికి రాష్ట్రాలన్నిటి విపత్తు నిధులు సుమారు 1.60 లక్షల కోట్ల రూపాయలని లెక్కగట్టి, అందులో 20 శాతం ఇలాంటి ముందుజాగ్రత్త పనులకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో కేంద్రం వాటా 75 శాతం. 2016లో విశాఖ-చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు ఆమోదించిన 63.1 కోట్ల డాలర్లలోనూ 50 లక్షల డాలర్ల గ్రాంటు వాతావరణ మార్పులను తట్టుకునే నిర్మాణాలకే.

జాతీయ రహదారి తెగితే వార్తవుతుంది. వరదయ్యపాళెం, సత్యవేడు వైపు పల్లెల్లో ఓ చిన్న కాజ్‌వే మునిగితే? నైట్‌షిఫ్టుకెళ్లిన ఆడపిల్ల ఇల్లు చేరలేదు. పాలవ్యాను రాదు, 108 రాదు. కంటెయినర్ ఒకరోజు ఆలస్యమైనా ఫర్వాలేదు. కాన్పుకెళ్లే తల్లి ఆగలేదుగా! కొత్త కల్వర్టుకు కొబ్బరికాయ కొట్టే ఉత్సాహంలో కొంతైనా, ఏటా వానలకు ముందు పాత తూముల్లో పూడిక తీయడానికీ ఉంటే... ఈ దారులు నిలుస్తాయి.