అనుమానానికీ ఓ లెక్కుంది

జైసల్మేర్‌లో రాజభవనంలాంటి ఓ హోటల్. అందులో 20 మంది ప్రముఖులు. వారిలో ముగ్గురు ద్రోహులు, మిగతా వాళ్లు అమాయకులు. ఎవరు ఎవరో ద్రోహులకు మాత్రమే తెలుసు. కరణ్ జోహార్ వ్యాఖ్యాతగా 2025 జూన్‌లో ప్రైమ్ వీడియోలో మొదలైన 'ది ట్రెయిటర్స్' భారతీయ రూపం సరంజామా ఇది. మొదటి రోజు కళ్లు మూసుకుని వేలు చూపించినా, ఓ అమాయకుడికి ద్రోహి దొరికే అవకాశం 19లో 3. అంటే 16 శాతానికి కాస్త తక్కువ. చివరికి బహుమతి దక్కించుకున్న ఇద్దరు అమాయకుల్లో ఒకరు ఉర్ఫీ జావేద్, మరొకరు నికితా లూథర్. లూథర్ వృత్తి పోకర్. ఆ ఆటలో 2018లోనే అంతర్జాతీయ టైటిల్ గెలిచిన మనిషి. ఒక్క ఆట ఫలితంతో ఏదీ రుజువు కాదని పోకర్ ఆటగాళ్లే ముందు ఒప్పుకుంటారు. అయినా ఎదుటివాళ్ల పేకలు కనిపించకుండానే లెక్క కట్టడం అలవాటైన మనిషి అక్కడ చివరిదాకా నిలవడంలో ఆశ్చర్యం లేదు.

ఇలాంటి ఆట తెలుగు ఇళ్లకు కొత్తేమీ కాదు. వేసవి సెలవుల్లో నాలుగు చీటీల మీద రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని రాసి ఎగరేసే ఆట చాలామంది ఆడినదే. రాజు, మంత్రి బయటపడ్డాక మిగిలిన ఇద్దరిలో దొంగను పట్టాలి. సగానికి సగం అవకాశం. అందుకే అందులో నవ్వులెక్కువ, బుర్రకు పని తక్కువ. 1980ల ద్వితీయార్ధంలో మాస్కో స్టేట్ యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో దిమిత్రి దవిదోవ్ తయారు చేసిన 'మాఫియా' ఆ పనిని బాగా పెంచింది. దాన్నే 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ తోడేళ్ల కథగా మార్చారు. 2018లో వచ్చిన 'అమాంగ్ అస్' వీడియో గేమ్ 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఆ ఆటనే కోట్లాది ఫోన్లలోకి తెచ్చింది.

'మాఫియా' నియమాలు సులువు. రాత్రి అందరూ కళ్లు మూసుకుంటారు. మాఫియా మాత్రం కళ్లు తెరిచి ఒక ఊరివాణ్ని ఆట నుంచి తీసేస్తుంది. పగలు అందరూ వాదించుకుని, ఓటేసి ఒకరిని బయటకు పంపుతారు. మాఫియా సంఖ్య ఊరివాళ్లతో సమానమైతే ఊరు ఓడినట్టే. అయిదుగురు ఊరివాళ్లు, ఇద్దరు మాఫియా ఉన్నారనుకుందాం. తొలి రాత్రి ఒకరు పోగా మిగిలేది ఆరుగురు. లాటరీ వేసినట్టు ఒకరిని పంపేస్తే మాఫియా మనిషి తగిలే అవకాశం మూడింట ఒకటి. గురి తప్పిందా, ఆ రాత్రితో ఊరి కథ ముగుస్తుంది. తగిలితే మర్నాడు మిగిలిన నలుగురిలో రెండోవాణ్ని పట్టాలి. అది నాలుగింట ఒకటి. రెండూ గుణిస్తే పన్నెండింట ఒకటి, అంటే ఎనిమిది శాతం.

ఇప్పుడు ఆటలోకి ఇంకో ఊరివాడు చేరితే? గెలుపు అవకాశం ఒక్కసారిగా 23 శాతానికి చేరుతుంది. కారణం చాలా చిన్నది. ఒక పగలు, ఒక రాత్రి గడిస్తే ఇద్దరు తగ్గుతారు. మొదటి ఆటలో ఊరికి దక్కేది మహా అయితే రెండు ఓటింగ్‌లు, రెండో ఆటలో మూడు. తప్పు చేసి కూడా బతికే వెసులుబాటు అక్కడుంది. అందుకే ఆరితేరిన ఆటగాళ్లు ఎవరి ముఖం ఎలా ఉందని చూసేకంటే ముందు, ఇంకా ఎన్ని తప్పులు భరించగలమో లెక్కేసుకుంటారు. ఈ ఆట మీద 2008లో గణిత పరిశోధకులు బ్రావర్‌మన్, ఎతేసామీ, మోసెల్ ఓ పత్రం ప్రచురించారు. డిటెక్టివ్ పాత్ర లేని పక్షంలో, మొత్తం జనంలో వర్గమూలం స్థాయి సంఖ్య ఉంటే చాలు, మాఫియా ఊరితో సమ ఉజ్జీ అవుతుందని తేల్చారు. పది వేల మంది ఉన్న ఊరికి వందల్లో ఉండే ముఠా చాలన్నమాట. తక్కువమందే అయినా, తామెవరో తమకు తెలియడంలోనే వాళ్ల బలమంతా ఉంది.

ఇక ముఖం చూసి అబద్ధం పట్టేస్తామన్న ధీమా. చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ క్రోడీకరించి 2006లో ఓ లెక్క చెప్పారు. నిజమో అబద్ధమో చెప్పమంటే మనుషులు సరిగ్గా చెప్పేది సగటున 54 శాతమే. నాణెం ఎగరేస్తే 50. ఆ నాలుగు శాతం కోసమే ఇళ్లలో, హాస్టళ్లలో ఇంత గొడవ. ఆ గొడవలో ముందుగా బలయ్యేది సాధారణంగా మాట్లాడని మనిషే. సంక్రాంతికి చుట్టాలంతా చేరి ఆడితే కొత్త కోడలు, హాస్టల్లో అయితే కొత్తగా చేరిన కుర్రాడు. "అంత మౌనంగా ఉందంటే ఏదో ఉంది" అని ఒకరంటారు. పని పూర్తవుతుంది.

మౌనం నిజంగా ఎంత సాక్ష్యం? ఏడుగురి ఆటలో మొదటి రాత్రి గడిచిందనుకుందాం. ఓ ఊరివాడి ఎదుట ఉన్న అయిదుగురిలో ఇద్దరు మాఫియా. కాబట్టి ఎవరి మీదైనా మొదటి అనుమానం 40 శాతం. మాఫియాలో నూటికి 60 మంది, ఊరివాళ్లలో నూటికి 50 మంది మౌనంగా ఉంటారని ఊహిద్దాం. అలాంటి స్థితిలో ఉన్న వంద మందిని తీసుకుంటే మౌనంగా ఉండే మాఫియా 24, మౌనంగా ఉండే ఊరివాళ్లు 30. అంటే అనుమానం 40 నుంచి 44కు పెరిగింది, అంతే. థామస్ బేస్ చనిపోయాక 1763లో అచ్చయిన వ్యాసం నేర్పిన పాఠమిదే. "దొంగ ఇలా చేస్తాడా?" అన్నది సగం ప్రశ్న. "దొర చేసేదానికంటే ఎన్ని రెట్లు ఎక్కువగా చేస్తాడు?" అన్నది పూర్తి ప్రశ్న.

అదే లెక్కలో ఓటు విలువ వేరు. ఎనిమిది మంది ఆటలో మొదటి పగలే ఒక మాఫియా మనిషి దొరికాడనుకుందాం. ఆ రాత్రి గడిచాక ఓ ఊరివాడి ఎదుట నలుగురుంటారు, వాళ్లలో ఒకడు మాఫియా. తలా 25 శాతం అనుమానం. నలుగురిలో ఇద్దరు నిన్న దొరికినవాణ్ని కాపాడేలా ఓటేశారు. తోటివాణ్ని కాపాడే అవకాశం మాఫియాకు మూడింట రెండు, తెలియక కాపాడే అవకాశం ఊరివాడికి మూడింట ఒకటి అనుకుంటే, కాపాడిన ఇద్దరి మీదా అనుమానం 40కి పెరుగుతుంది, మిగతా ఇద్దరి మీదా పదికి పడిపోతుంది. అయితే తెలివైన మాఫియా తోటివాడి మీదే ఓటేసి మంచివాడనిపించుకుంటుంది. అప్పుడు ఆ అంకెలు మార్చుకోవాలి. ఆటలో మజా అంతా ఆ మార్పుల్లోనే ఉంది.

మాటలు వినకుండా, ముఖాలు చూడకుండా ఇది సాధ్యమేనని 2019లో ఓ కంప్యూటర్ చూపించింది. 'అవలాన్' అనే ఇదే తరహా ఆటను 'డీప్‌రోల్' అనే ప్రోగ్రామ్ మనుషులతో కలిసి ఆడింది. అది ఒక్క మాట మాట్లాడలేదు, ఎవరి వాదనా వినలేదు. ఎవరు ఏ బృందాన్ని ప్రతిపాదించారు, ఎవరు ఎటు ఓటేశారు, ఏ పని విఫలమైంది అన్నవే చూసింది. అయినా మనుషులకంటే మెరుగ్గా ఆడింది.

యంత్రానికి లేని జబ్బు ఒకటి మనుషులకుంది. ఒకరన్న మాటనే మరో నలుగురు అంటే అయిదు సాక్ష్యాలు దొరికాయనుకుంటారు. నిజానికి ఉన్నది ఒకటే సాక్ష్యం, మిగతా నాలుగూ దాని ప్రతిధ్వనులు. బల్ల చుట్టూ అయితే దాని ఖరీదు ఒక ఆట. 2018లో దేశం చాలా ఎక్కువ చెల్లించింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో ఒకే పుకారు చేతులు మారుతూ వెళ్లింది. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో సంచార జాతికి చెందిన అయిదుగురిని జనం కొట్టి చంపారు. ఊరికి కొత్తగా వచ్చేవారిలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు ఎందరుంటారన్న మొదటి ప్రశ్న అక్కడ ఎవరూ వేసుకోలేదు. పది ఫోన్లలో వచ్చిన సందేశం పది సాక్ష్యాలు కాదని ఎవరికీ తట్టలేదు.

ఆటలో తప్పు మనిషిని బయటకు పంపితే మరుసటి రౌండ్‌లో మళ్లీ చీటీ తీసుకుంటాడు. బయట ఆ రెండో చీటీ ఉండదు. వేలు చూపించే ముందు లెక్క అడగడం అలవాటు కావాలంటే, నష్టం లేని చోట నేర్చుకోవడమే మేలు. ఈసారి సంక్రాంతికి చీటీలు తీస్తే, కొత్త కోడలి మౌనాన్ని ఆ నాలుగు శాతం దగ్గరే వదిలేసి, ఎవరు ఎటు ఓటేశారో ఓ కాగితం మీద రాసుకుంటే సరి.