గృహిణి అని రాస్తే సరిపోదా?

పిల్లలు పన్నెండో తరగతి దాటి కాలేజీకి పోతున్నారంటే మన పేటల్లో అందరికీ ముందు గుర్తొచ్చేవి కాగితాలే. మార్కుల మెమో, టీసీ, కులం సర్టిఫికెట్, దాని వ్యాలిడిటీ, తహసీల్దార్ ఇచ్చే ఆదాయం దాఖలా, డొమిసైల్. ఈ కట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని నెట్ సెంటర్ల చుట్టూ తిరగడం మనకు అలవాటైన పనే. వీటిల్లో మన గురించి మనం చెప్పుకునేది ఏమీ ఉండదు. ముద్ర ఉందా, సంతకం ఉందా, తేదీ దాటిపోలేదు కదా, అంతే చూస్తారు.

ఈ ఏడాది మా పెద్దబిడ్డ అడ్మిషన్‌లో మాత్రం వేరే రకం కాగితం ఒకటి వచ్చింది. దానికి ముద్రతో పని లేదు. మన బతుకు గురించి అడిగింది. ముందు ముందు మన పిల్లలకు ఇలాంటివి ఇంకా వస్తాయి కాబట్టి, నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మా తాత పాలమూరు నుంచి షోలాపూర్ వచ్చి జునీ మిల్లులో చేరాడు. 1877లో మొదలైన మిల్లు అది. భోంగా కూత మీదే ఆయన బతుకంతా నడిచింది. మా నాయన కాలానికి మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నేను అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో టవల్ సాంచాల మీద పని చేస్తున్నాను. మా ఇంటామె విడి ఘర్‌కుల్‌లో, ఇంట్లోనే చాట ముందర పెట్టుకొని బీడీలు చుడుతుంది. ఇద్దరిదీ కలిపితే నెలకు 18,000 అటూ ఇటూ. కరెంటు పోయినా, నూలు ధర పెరిగి సేటు సాంచాలు ఆపినా అది కూడా రాదు.

బిడ్డకు లెక్కలంటే ఇష్టం. ఎకనామిక్స్ చదువుతానని బెంగళూరులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. అక్కడ ఫీజు, హాస్టల్ కలిపితే ఏడాదికి మా ఇద్దరి రెండేళ్ల సంపాదన. లేని ఇళ్ల పిల్లలకు ఫీజు తగ్గిస్తారని వాళ్ల టీచరమ్మ చెబితేనే పెట్టింది. పరీక్ష రాసింది, ఇంటర్వ్యూ అయింది. ఆ తర్వాత పది రోజులకు ఫోన్లో మెయిల్ వచ్చింది. "అదనపు ప్రశ్నావళి" అని ఆరు ప్రశ్నలు. ఏడు రోజుల్లో నింపి పంపాలి.

ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు, ఎంతవరకు చదివారు? ఆదాయం నెలనెలా ఒకేలా ఉంటుందా? తొమ్మిది నుంచి పన్నెండు వరకు మీ చదువుకు అడ్డుపడిన సంగతి ఏదైనా ఉందా? ఇంటి పనికి వారంలో ఎన్ని గంటలు పోతాయి? ఏయే భాషలు మాట్లాడతారు, చదువుతారు? బడి బయట ఇతరులకు మీరు ఏం చేస్తారు? ఇవీ ప్రశ్నలు.

చూడగానే నాకు భయమేసింది. సీటు ఇవ్వడం ఇష్టం లేక తిప్పుతున్నారేమో అనిపించింది. టీచరమ్మను అడిగితే ఆమె ఇలా చెప్పింది. మార్కులు, ఇంటర్వ్యూ చూసినా తేల్చుకోలేని పిల్లలు కొందరు ఉంటారు. ఫీజు ఎంత తగ్గించాలో లెక్క వేయడానికి కూడా ఇంటి వివరాలు కావాలి. అలాంటప్పుడు ఇంకొంచెం చెప్పమని అడుగుతారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కూడా కొందరికి ఇట్లాగే అదనంగా ప్రశ్నలు పంపుతుందట. ఒక్కో క్యాంపస్‌లో దరఖాస్తు పెట్టినవాళ్లలో 15 శాతం దాటకుండా అలా మళ్లీ చూడవచ్చని అక్కడ నియమం ఉంది. "ఇది వచ్చిందంటే సీటు వచ్చినట్టూ కాదు, పోయినట్టూ కాదు. మీ కాగితం ఇంకా బల్ల మీదే ఉందని అర్థం," అంది.

మొదటి ప్రశ్న దగ్గరే ఇంట్లో పంచాయితీ మొదలైంది. బడి రికార్డులో తల్లి వృత్తి అన్నచోట ఎప్పటినుంచో "గృహిణి" అనే ఉంది. మన వాడలో ఏ ఇంట్లో పిల్లల రికార్డు తీసినా చాలావరకు అదే మాట ఉంటుంది.

"గృహిణి అని రాస్తే సరిపోదా బిడ్డా? గంత దూరమున్నోళ్లకు నా చాట ముచ్చట ఎందుకు?" అంది వాళ్లమ్మ.

"రాత్రి ఆకు తడిపి పెడతవు. పొద్దుగాల కత్తిరిస్తవు. దినమంత చుడతవు, కట్టలు కడతవు, కంపెనీకి మోసుకపోయి ఇచ్చొస్తవు. గృహిణి అంటే ఇదంత వాళ్లకెట్ల తెలుస్తది అమ్మా?"

"తెలువకుంటేనేం? ఆ కాలేజీల అందరు పెద్దోళ్ల పిల్లలుంటరు. బీడీలామె బిడ్డ అని నిన్ను పక్కకు పెడితే?"

ఆ మాటకు బిడ్డ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ భయం ఉత్తది కాదని మన అందరికీ తెలుసు. సంబంధాలు చూసేటప్పుడు కూడా ఆ పని సంగతి కొంచెం మెల్లగా చెప్పే ఇళ్లు మనలో ఉన్నాయి. ఆ రాత్రి కాగితం అట్లాగే మడిచిపెట్టారు.

మర్నాడు నెట్ సెంటర్ పిలగాడు ఇంకో తోవ చెప్పాడు. "కష్టాలు దండిగా రాయాలె. బాపు తాగొచ్చి కొడతడని రాయి. రెండు పూటలు తిండి లేదని రాయి. చదివెటోళ్లకు ఏడుపు రావాలె. నేను రాసిస్త, రెండు వందలియ్యి," అన్నాడు. నేను జన్మలో చుక్క ముట్టినవాణ్ని కాదు. పక్కనే నిలబడి ఉన్నాను. వాడు నా ముఖం చూసి, "ఊకె కాగితం మీదనే కాకా," అని నవ్వాడు. బిడ్డ ఫోన్ తీసుకొని బయటికి వచ్చేసింది.

ఒకరు దాచమన్నారు, ఒకరు పెంచమన్నారు. బిడ్డ రెండూ కాదంది. లెక్కల పిల్ల కదా, ఉన్నది ఉన్నట్టు లెక్కతో రాస్తానంది. ముందు తెలుగులో, నోటికి వచ్చిన మాటల్లో నోటుబుక్కులో రాసింది. తర్వాత ఇంగ్లీషులోకి మార్చింది. తెలుగు అక్షరాలు దానికి బడిలో రాలేదు. మరాఠీ మీడియం. నా దగ్గర, ఈ పత్రిక పేజీల మీదే నేర్చుకుంది.

తల్లి పని గురించి రాసింది చదివి వినిపించింది. "మా అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుడుతుంది" అని ఉంది. చాట ముందర కూర్చున్న ఆమె తల ఎత్తకుండానే అంది: "వెయ్యి కాదు. ఎనిమిది వందలు రాయి. వెయ్యి అయ్యేది పండుగ ముందర. కంపెనీల బాగలేవని తీసి పడేసేటివి ఉంటయి, అవి గూడ రాయి. వాటికి పైసలు రావు." అంతే. తర్వాత ఆమే ఒక్కొక్కటి చెప్పుకుంటూ పోయింది. ఆకు మంచిది రాకపోతే ఎన్ని తక్కువ పడతాయి, కట్టకు 25 ఎట్లా లెక్కపెడతారు, కార్డు ఏ ఏడు వచ్చింది, నాలుగో తరగతిలో బడి ఎందుకు మానింది. బిడ్డ రాస్తూనే ఉంది. నిన్న రాత్రి పేరు కూడా రాయొద్దన్న మనిషి, ఇవాళ లెక్క తప్పితే ఊరుకోలేదు. ఆమె పని ఇన్నాళ్లలో ఎవరూ ఇంత వివరంగా అడగలేదని నాకు అప్పుడు తట్టింది.

మార్కుల ప్రశ్న కూడా అంతే. పదిలో 91 శాతం వచ్చిన పిల్లకు పదకొండులో 68 వచ్చింది. "అమ్మకు ఆరోగ్యం బాగలేక చదవలేకపోయాను" అని మొదట రాసింది. టీచరమ్మ చూసి, "ఎన్ని రోజులు? నువ్వేం చేశావు?" అని అడిగింది. అప్పుడు మళ్లీ రాసింది. జులైలో అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. సెప్టెంబర్ వరకు వంట, నీళ్లు, తమ్ముణ్ని బడికి పంపడం అన్నీ తానే చేసింది. రోజుకు నాలుగు గంటలు. పన్నెండులో మళ్లీ 84కు వచ్చింది. ఆసుపత్రి డిశ్చార్జి కార్డు ఫోటో తీసి జత చేసింది.

ఆఖరి ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. "నాకు ఆటలు రావు, బహుమతులు లేవు, ఏం రాయాలె బాపూ?" అంది. మా గల్లీలో ఆరుగురు ఆడవాళ్లకు పీఎఫ్ కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కు చదివి చెప్పేది ఇదే. మరాఠీలో, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో విడమరిచి చెబుతుంది. పేరులో అక్షరం తప్పుందని ఒక ముసలామె పీఎఫ్ ఆగిపోతే, దిద్దే ఫారం నింపి ఇచ్చింది. "అది గూడ పనేనా?" అంది. పని కాకపోతే ఆ ఆరుగురు మా గడప ఎందుకు ఎక్కుతారు?

మే నెలలో జవాబు వచ్చింది. సీటు ఇచ్చారు. చదువు ఫీజు మొత్తం మాఫీ, హాస్టల్ సగం. మిగతా సగానికి చిట్టీ ఎత్తాము. తల్లి బీడీ కార్డు మీద కార్మిక శాఖ స్కాలర్‌షిప్‌కు కూడా పెట్టాము. బీడీ కార్మికుల పిల్లలకు తరగతిని బట్టి ఏడాదికి 1,000 నుంచి 25,000 రూపాయల వరకు అది ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. అన్నిచోట్లా గృహిణి అని రాసుకునే ఇంట్లో ఆ కార్డు పెట్టె అడుగునే ఉండిపోతుంది.

అందరూ బెంగళూరు పోవాలని నేను అనడం లేదు. ఇక్కడే ఉండి ఇంజనీరింగ్ లాంటి వృత్తి కోర్సులు చదివే అమ్మాయిలకు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, ఓబీసీ, ఆర్థికంగా వెనుకబడిన తరగతులవాళ్లకు పూర్తి ఫీజు మాఫీ అని మహారాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో జీఆర్ ఇచ్చింది. దానికి ప్రశ్నావళి ఏమీ ఉండదు, దాఖలాలు చాలు.

కానీ ఇలాంటి ప్రశ్నలు వస్తే మాత్రం భయపడొద్దు. వారం పగార్ చీటీలు, ఆసుపత్రి కాగితాలు, బీడీ కార్డు పారేయకుండా ఒకచోట పెట్టుకోండి. రాసింది దాఖలాతో సరిపోవాలి, తర్వాత అడిగితే చూపించేటట్టు ఉండాలి. పిల్లలనే రాయనివ్వండి, డబ్బులిచ్చి రాయించకండి. పక్కన కూర్చొని లెక్క మాత్రం మీరు సరిచూడండి.

మా బిడ్డ తెలుగులో రాసుకున్న నోటుబుక్కు ఇంట్లోనే ఉంది. ఎవరి పిల్లలకైనా కావాలంటే సాంచాలు బంద్ ఉన్న రోజు సాయంత్రం వచ్చి చూసుకోవచ్చు. నేను లేకున్నా మా ఇంటామె తీసి ఇస్తుంది.