విమానం ఆగినప్పుడు ఏమేమి ఆగుతాయి?

మరో మహమ్మారి వస్తే విమానాలన్నీ వెంటనే ఆపివేస్తే సరిపోదా అని మీలో కొందరు నన్ను అడుగుతుంటారు. ప్రశ్న సహజమైనదే. కరోనా మన దేశానికి విమానంలోనే కదా వచ్చింది! అయితే మూతపడిన విమానాశ్రయాన్ని వైద్యుని కంటితో చూస్తే కనిపించే మరో పార్శ్వం ఉంది. అది మీ ముందుంచుతాను.

2020 మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలు, 25 నుంచి దేశీయ విమానాలు నిలిచిపోయాయి. దేశీయ సర్వీసులు రెండు నెలలకు, మే 25న, పరిమిత సంఖ్యలో మొదలయ్యాయి. అంతర్జాతీయ సర్వీసులు మునుపటి పద్ధతికి వచ్చేసరికి 2022 మార్చి 27 అయింది. ప్రపంచవ్యాప్తంగా 2019లో సుమారు 450 కోట్లున్న విమాన ప్రయాణికుల సంఖ్య మరుసటి ఏడు 180 కోట్లకు పడిపోయింది.

దీనివల్ల వ్యాధి ఆగిందా? ఆలస్యమైంది, అంతే. 2020 జనవరిలోనే మన విమానాశ్రయాలలో ప్రయాణికుల ఉష్ణోగ్రతను పరీక్షించసాగారు. ఆ పరికరం జ్వరాన్ని పట్టుకోగలదు గాని, పొదిగే కాలంలో దాగి ఉన్న వైరస్‌ను పట్టుకోలేదు. మార్చి 2న వెల్లడైన తెలంగాణ తొలి రోగి దుబాయ్ నుంచి బెంగళూరుకు విమానంలో దిగి, అక్కడినుంచి హైదరాబాదుకు బస్సులో వచ్చాడు. ఆలస్యం కూడా విలువైనదేనని ఒప్పుకుంటాను. ఆ వ్యవధిలో పడకలు, ఆక్సిజన్, సిబ్బంది సిద్ధమైతేనే దానికి అర్థం.

ఇక ఆ ఆలస్యానికి మనం చెల్లించిన మూల్యం. విమానం అనగానే మనకు సీట్లే గుర్తుకొస్తాయి. మన పాదాల అడుగున సరుకుల అర ఒకటి ఉంటుంది. మహమ్మారికి ముందు ఆకాశమార్గాన సాగే సరుకులో దాదాపు సగం ప్రయాణికుల విమానాల అరలలోనే వెళ్లేది. మందులు, టీకాలు అందులో భాగమే. ప్రయాణికులు లేరని విమానం నిలిపివేస్తే టీకా కూడా నిలిచిపోతుంది. 2020 మార్చి చివరి వారం నుంచి తాము పంపదలచిన టీకాల రవాణా 70 నుంచి 80 శాతం తగ్గిపోయిందని యునిసెఫ్ మే ఒకటో తేదీన ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఏజెన్సీ ప్రాంతంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జ్ఞప్తికి వచ్చింది. వాగు పొంగితే టీకాల పెట్టె అవతలి గట్టునే ఉండిపోయేది. ఐస్ కరిగేలోగా దాటించాలన్న ఆత్రుత అక్కడ పనిచేసిన వారికే తెలుస్తుంది. తట్టు సోకే పసిబిడ్డకు వాగు అడ్డమైనా, మూసిన రన్‌వే అడ్డమైనా ఒకటే.

మనవాళ్లు కొంత మార్గం కనుగొనకపోలేదు. లైఫ్‌లైన్ ఉడాన్ పేరిట మందులకోసమే విమానాలు నడిపారు. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి చెన్నైకి వెళ్లిన విమానంలో ప్రయాణికుల సీట్లపైనే పెట్టెలు పేర్చి కట్టారు. 2021 ఏప్రిల్‌లోనైతే, శంషాబాద్ వచ్చాక ప్రయాణికులకు మూతపడిన మన పాత బేగంపేట విమానాశ్రయం నుంచి వాయుసేన విమానాలు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను భువనేశ్వర్‌కు చేర్చాయి. కనుక నా అభిప్రాయం ఇది: మనుషుల రాకపోకలు ఆపవలసి వస్తే ఆపుదురుగాక, మందుల దారిని మాత్రం మొదటి రోజే విడిగా తెరిచి ఉంచాలి.

మరి మనం చేయగలిగింది? ఆ వేసవిలో పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లి చిక్కుకుపోయిన తల్లిదండ్రులు నాకు అర్ధరాత్రి వేళల్లో ఫోన్లు చేసేవారు. తెచ్చుకున్న బీపీ, షుగరు మాత్రలు అయిపోయాయి. మన బ్రాండు పేరు చెబితే అక్కడి మందుల షాపువారికి అర్థం కాదు. ఒక పెద్దాయన మాత్ర రంగు, ఆకారం వర్ణించారు; పాపం, అంతకుమించి ఆయనకేమీ తెలియదు. చివరకు ఖాళీ అట్ట ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుని అందులోని అసలు మందు పేరు చెప్పవలసి వచ్చింది.

మీరు విదేశం వెళ్తుంటే, ఉండదలచిన కాలానికి పైన కనీసం నెలకు సరిపడా మందులు అదనంగా తీసుకోండి. ఆయా దేశం ఎంతవరకు అనుమతిస్తుందో ముందే కనుక్కోండి. ప్రతి మందుకూ జనరిక్ పేరు, మోతాదు, ఏ జబ్బుకో మీ డాక్టరు చేత ఇంగ్లీషులో, టైపు చేసిన అక్షరాలలో రాయించుకోండి (మా చేతిరాత సంగతి మీకు తెలిసిందే). ఆ కాగితాన్నీ, మందులనూ పెద్ద సూట్‌కేసులో గాక పాస్‌పోర్టు ఉండే చేతిసంచిలోనే ఉంచండి.